హైదరాబాద్ మూసుకున్నాక

మనవరాలి ఫోన్ చార్జింగ్ ఎక్కడం లేదంటే మొన్న హన్మకొండ చౌరస్తాలో ఒక మొబైల్ రిపేర్ షాపుకు తీసుకుపోయాను. షాపులో ఉన్న పిల్లవాడికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. అద్దం కింద ఫోన్ పెట్టి, సోల్డరింగ్ ఐరన్ మొనను పేస్టు డబ్బాలో అద్ది, పిన్ను మీద ఆనించాడు. సన్నటి పొగ లేచింది. "అయిదు నిమిషాలు కూసోండి సార్" అన్నాడు. నేను స్టూలు మీద కూర్చుని ఆ పొగ పీలుస్తున్నాను. మనవరాలు నా మొహం చూసి "తాతా, మాస్కు ఉంది, ఇయ్యాల్నా?" అంది.

ఆ పేస్టు వాసన నాకు ఫోన్లది కాదు, ఉస్తాద్ షాపుది.

చౌరస్తా నుంచి వేయిస్తంభాల గుడి వైపు పోయే దారిలో ఉండేది ఆ షాపు. ఇప్పుడక్కడ ఫ్యాన్సీ స్టోర్ ఉంది. ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయట ఆగాల్సినంత జాగా. గోడల నిండా వెనక చెక్క విప్పేసిన రేడియోలు, మేకులకు వేలాడే స్పీకర్లు, ఒక సిగరెట్ డబ్బా నిండా ఏసీ128 ట్రాన్సిస్టర్లు, ఇంకో డబ్బాలో డయల్ దారం ఉండలు. ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు. మా బాపు వయసు వాళ్ళు కూడా ఉస్తాద్ అనే పిలిచేవాళ్ళు. మాట ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవాడు. రిపేరుకొచ్చిన సెట్టును ముందు చెవి దగ్గర పెట్టుకొని, స్విచ్చి వేయకుండా ఒకసారి ఊపేవాడు. లోపల ఏదైనా గలగలమంటే "బొద్దింక" అనేవాడు. చాలాసార్లు నిజంగానే బొద్దింకే.

బడి విడిచాక నేను అక్కడే తేలేవాణ్ణి. పాత సెట్ల నుంచి పనికొచ్చే సామాను విప్పడం, చాయ్ తేవడం నా పని. దానికి జీతం లేదు. సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని డయల్ తిప్పనిచ్చేవాడు, అది చాలు.

* * *

మా ఇల్లు కుమార్‌పల్లిలో. బాపు ఆజంజాహీ మిల్లులో పనిచేసేవాడు. గూట్లో మర్ఫీ వాల్వు సెట్టు ఒకటి, అమ్మ అల్లిన క్రోషియా గుడ్డ కప్పుకొని ఉండేది. స్విచ్చి వేయగానే పలికేది కాదు. లోపల వాల్వులు ఎర్రబడాలి, ముందున్న పచ్చ కన్ను వెలగాలి, వేడెక్కిన దుమ్ము వాసన రావాలి, అప్పుడు మెల్లగా గొంతు పెరిగేది. ఈ దూలం నుంచి ఆ దూలం దాకా రాగి జాలీ ఏరియల్ కట్టి ఉండేది. దాని మీద పిచ్చుకలు వాలితే తాత కర్రతో అదిలించేవాడు. బాపు షిఫ్టుకు పోయేముందు వార్తల దగ్గర వచ్చే 'పిప్ పిప్'కు వాచీ కలుపుకునేవాడు. ఏటా పోస్టాఫీసుకు పోయి రేడియో లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకొచ్చే పని నాది. రేడియోకు లైసెన్సేందని ఇప్పటి పిల్లలు నవ్వుతారు గానీ, ఎనభైల మధ్య దాకా ఆ పుస్తకం లేకుండా సెట్టు ఇంట్లో పెట్టుకోకూడదు.

తాతది నిజాం కాలపు ఉర్దూ చదువు. తెలుగు కూడబలుక్కొని చదివేవాడు, ఉర్దూ గడగడా చదివేవాడు. హైదరాబాద్ స్టేషన్‌ను చివరిదాకా దక్కన్ రేడియో అనే అన్నాడు. అది 1950లోనే ఆలిండియా రేడియోలో కలిసిపోయింది, తాత మాత్రం ఒప్పుకోలేదు. రాత్రి భోజనాలయ్యాక బీబీసీ ఉర్దూ వాళ్ళ 'సైర్‌బీన్' పెట్టుకొని, చెవి సెట్టుకు ఆనించి కూర్చునేవాడు. మధ్యలో ఎవరైనా దగ్గితే కూడా కోపమొచ్చేది.

దూరపు స్టేషన్లు వెతకాలనే పిచ్చి నాకు ఎక్కడ పట్టిందో చెప్పగలను. బాపుది నైట్ షిఫ్టు. తాత సైర్‌బీన్ విని పడుకున్నాడు. నేను పాటల కోసం సెట్టును మళ్ళీ హైదరాబాద్‌కు మార్చి, వింటూ చాప మీద కునుకుతున్నాను. రాత్రి పదకొండు దాటాక హైదరాబాద్ మూసుకుంది. ఎవరూ స్విచ్చి తీయలేదు. ముందు ఉత్త గాలి చప్పుడు. తర్వాత ముల్లు కదలకుండానే, అదే చోట, సన్నగా ఒక ఆడగొంతు ఏదో చదువుతోంది. హిందీ కాదు, తమిళం కాదు, నాకు పేరు తెలిసిన ఏ భాషా కాదు. పెరుగుతోంది, తగ్గుతోంది, మళ్ళీ పెరుగుతోంది. అక్క నిద్రలోంచే "బంద్ చెయ్యిరా" అంది. నేను చెయ్యలేదు.

మర్నాడు ఉస్తాద్‌కు చెప్తే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"గామె రాత్రి కొత్తగ రాలే బేటా. ఎప్పుడు గూడ ఆడనే ఉంటది. హైదరాబాదోడు అడ్డం జరిగిండు గాబట్టి నీకు ఇనవడ్డది."

మరి పగలెందుకు వినబడదని అడిగితే "పగటీలి పైనున్నది మింగుతది, రాత్రి పైనున్నది తిప్పి కొడ్తది, గంతే" అన్నాడు. కాలేజీకి వచ్చాక ఫిజిక్స్ సారు ఇదే సంగతి బొమ్మ గీసి చెప్పాడు. నేల నుంచి 60, 90 కిలోమీటర్ల మధ్య ఎండ వల్ల తయారయ్యే ఒక పొర ఉంటుంది, దాన్ని డి పొర అంటారు. హైదరాబాద్ లాంటి స్టేషన్లు వాడే మీడియం వేవ్ అలలను పగలంతా అది పీల్చేసుకుంటుంది. పొద్దుగూకగానే ఆ పొర కరిగిపోతుంది, అలలు ఇంకా పైకి పోయి అక్కడి పొరలకు తగిలి వందల, వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి. ఉస్తాద్ చదివింది ఏడో తరగతి. రెండు ముక్కల్లో తేల్చాడు.

* * *

కొన్నాళ్ళు పోయాక ట్యూషన్ డబ్బులతో ఒక ఫిలిప్స్ ట్రాన్సిస్టర్ కొన్నాను, పాతదే, ఉస్తాద్ బాగుచేసి ఇచ్చింది. దాంతో ఆట మారిపోయింది. వాల్వు సెట్టు గూట్లోంచి కదలదు. ట్రాన్సిస్టర్‌ను ఎటైనా తిప్పొచ్చు. లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, అదే దాని ఏరియల్. ఆ కడ్డీ మొన ఏ స్టేషన్ దిక్కుకు చూస్తే ఆ స్టేషన్ పడిపోతుంది, అడ్డంగా పెడితే గట్టిగా వినబడుతుంది. 738 కిలోహెర్ట్‌జ్‌ల మీద వచ్చే హైదరాబాద్ మాకు నైరుతి మూల. సెట్టును సరిగ్గా అటు మొన పెట్టి పడుకోబెడితే దాని గోల తగ్గి, పక్కనున్న 747లో హిందీ పాట బయటపడేది. లక్నో! నేను అరుగు మీద కూర్చుని సెట్టును కొంచెం ఇటు, కొంచెం అటు తిప్పుతుంటే అమ్మ చూసి "రేడియోకు దిష్టి తీస్తున్నవారా?" అనేది.

చీకటి తూర్పు నుంచి వస్తుందని అందరికీ తెలుసు. నేను దాన్ని చెవులతో విన్నాను. మార్గశిరం, పుష్యం నెలల్లో మాకింకా ఎండ ఉండగానే గువాహటి, ఢాకాల్లో పొద్దుగూకుతుంది. అందుకని ముందు బెంగాలీ వచ్చేది. భద్రకాళి చెరువు మీద ఎరుపు పోకముందే 693లో ఢాకా వణుకుతూ మొదలయ్యేది. ఆ తర్వాత 657లో కలకత్తా. దీపాలు పెట్టే వేళకు మద్రాసు, బొంబాయి, నాగపూర్, ధార్వాడ అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి తోసుకునేవి. 882లో సిలోన్ పుత్తలం నుంచి విశ్వవాణి. రాత్రి బాగా ముదిరాక 1575లో థాయిలాండ్ నుంచి వాయిస్ ఆఫ్ అమెరికా, 1413లో ఒమన్ దగ్గరి మసీరా దీవి నుంచి బీబీసీ. తెల్లవారుజామున లెక్క తిరగబడేది. తూర్పు వాళ్ళు ముందు మాయమయ్యేవాళ్ళు. పడమటి అరబ్బీ గొంతులు, మా ఇంటి ముందు పాలాయన సైకిల్ గంట కొట్టేదాకా నిలబడేవి.

ఎండాకాలం మాత్రం దండగ. ఎక్కడ మెరిసినా డయల్ అంతా పటపటలాడేది. నా సీజను దీపావళి నుంచి శివరాత్రి దాకా.

వినబడటం ఒక ఎత్తు, అది ఎవరో తేల్చుకోవడం ఇంకో ఎత్తు. రాత్రి తొమ్మిదికి ఢిల్లీ ఇంగ్లీషు వార్తలొస్తే డయల్ ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే గొంతు, ఆ పావుగంటలో ఎవరెవరో దేవుడికే తెలియాలి. పాటలు వేస్తుంటే భాష పట్టుకోవచ్చు. పేరు చెప్పే క్షణం కోసం మాత్రం గంట కొట్టేదాకా కాపలా కాయాలి. సరిగ్గా అప్పుడే సిగ్నల్ మునిగిపోయేది, ఏం శాపమో. ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న కిటుకు ఒకటుంది. మన గడియారంలో గంట పూర్తయినప్పుడు 'పిప్ పిప్' వస్తే అది మన దేశమో, సిలోనో. అరగంట దగ్గర వస్తే బయటి దేశం. ఎందుకంటే మన టైము గ్రీనిచ్‌కు అయిదున్నర గంటలు ముందు, ఢాకా ఆరు, కరాచీ అయిదు. ఎనిమిదిన్నరకు బెంగాలీలో పిప్పులొస్తే కలకత్తా కాదు, ఢాకా. "రేడియో బాంగ్లాదేశ్, ఢాకా" అని వాళ్ళు చెప్పేదాకా ఆగే పనే లేదు. అప్పట్లో వాళ్ళు అలాగే చెప్పుకునేవాళ్ళు. బేతార్ అన్న పాత పేరు 1996లో తిరిగి వచ్చింది.

కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్ళ దగ్గర మగ్గం పని చేసే వడ్రంగి ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర మిగిలిన టేకు ముక్కలు అడిగి తెచ్చి, ఉస్తాద్ నాకు చదరంగా ఒక ఫ్రేము కొట్టించాడు. దాని చుట్టూ తీగ చుట్టి, రెండు కొసలు ఒక పాత గ్యాంగ్‌కు, అంటే రేడియోలో స్టేషన్ మార్చే తిరుగుడు కండెన్సరుకు, కలిపాడు. రేడియోకూ దానికీ మధ్య తీగ ఏమీ లేదు. ఊరికే పక్కన నిలబెట్టడమే. గ్యాంగ్ తిప్పుతుంటే ఒకచోట, అప్పటిదాకా గొణుగుతున్న స్టేషన్ ఒక్కసారిగా గదిలోకి వచ్చేది. మా ఇంటికి వచ్చిన చుట్టాలకు ఇది చూపించడం నాకు పండగ. మా మేనమామ ఫ్రేము చుట్టూ తిరిగి చూసి, "కరెంటు లేదు, తీగె లేదు, ఎట్లొస్తుందిరా?" అని వెనక్కి జరిగి కూర్చున్నాడు.

1978 నవంబరులో ఒక రాత్రి అన్ని స్టేషన్లూ కొంచెం కొంచెం జరిగాయి. అప్పటిదాకా మన వైపు 10 కిలోహెర్ట్‌జ్‌ల ఎడంలో ఉండేవి, ప్రపంచ ఒప్పందం ప్రకారం 9కి మారాయి. మామూలు వాళ్ళకు ఏమీ తెలియలేదు, ముల్లు వెంట్రుకవాసి కదిపి ఊరుకున్నారు. నేను మాత్రం డయల్ అద్దం పక్కన అతికించిన కాగితం మీద పెన్సిలు గీతలన్నీ చెరిపి మళ్ళీ గీసుకున్నాను. రెండు మూడు వారాలు పట్టింది. చెప్పొద్దూ, అంత సంతోషంగా గడిపిన రోజులు తక్కువ.

* * *

విన్నది విన్నట్టు స్టేషన్‌కు రాసి పంపితే వాళ్ళు కార్డు పంపుతారు. క్యూఎస్ఎల్ కార్డు అంటారు. ఏ రోజు, గ్రీనిచ్ టైములో ఎన్ని గంటలకు, ఏ మీటరు మీద, ఏ పాట, ఎవరు మాట్లాడారు, అన్నీ రాయాలి. వినికిడికి అయిదు అంకెల లెక్క ఉంటుంది. సిగ్నల్ బలం, పక్క స్టేషన్ల అడ్డు, ఆకాశపు గోల, వచ్చిపోయే ఊపు, మొత్తం మీద ఎట్లుంది. 55555 అంటే పక్కింట్లో మాట్లాడినంత స్పష్టం. నావి ఎక్కువ 23222.

హెడ్ పోస్టాఫీసు కౌంటర్‌లో అంతర్జాతీయ రిప్లై కూపన్ అడిగితే క్లర్కు వెనక ఉన్న పెద్దాయన్ని పిలిచాడు, ఆయన ఇంకొకాయన్ని పిలిచాడు. చివరికి బీరువా అడుగు నుంచి తీశారు. ఢిల్లీ నుంచి, కొలంబో నుంచి, మాస్కో నుంచి కవర్లు రావడం మొదలయ్యాక మా పోస్ట్‌మన్ సైకిల్ దిగకుండా గుమ్మంలోకి విసిరే అలవాటు మానేసి, దిగి, చేతికిచ్చి, ముందు తాను చూసి ఇచ్చేవాడు.

చిక్కు పీకింగ్ కవర్‌తో వచ్చింది. అది మీడియం వేవ్ కాదు, షార్ట్‌వేవ్. అయినా కార్డుల ఆశ కొద్దీ వాళ్ళకూ రాశాను. వాళ్ళు ఊరికే ఉండరు. కార్డుతో పాటు రంగుల క్యాలెండరు, కత్తిరించిన కాగితపు బొమ్మలు, పత్రికలు, ఇంత లావు ప్యాకెట్టు పంపారు. ఆ రోజుల్లో వరంగల్‌లో ఎట్లుండేదో ఇక్కడి వాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. కాలేజీ గోడల నిండా ఎర్ర రాతలు, హాస్టళ్ళ మీద రాత్రిపూట సోదాలు. అలాంటి ఊళ్ళో, కాలేజీ చదివే పిల్లవాడికి చైనా నుంచి ప్యాకెట్టు! వారం తిరక్కముందే మామూలు బట్టల్లో ఇద్దరు ఉస్తాద్ షాపుకు వచ్చి నా గురించి అడిగి పోయారు.

ఉస్తాద్ వాళ్ళను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, నేను రాసిన నోటుబుక్కు చేతికిచ్చాడట. "పోరడు పాటలు ఇని లెక్క రాసుకుంటడు సాబ్, చూడుండ్రి" అన్నాడట. వాళ్ళు అన్ని అంకెలు చూసి ఇది ఏదైనా సంకేత భాషేమోనని ఇంకాస్త అనుమానపడ్డారు. 23222 అంటే ఏమిటో ఉస్తాద్ వివరించేసరికి చాయ్ చల్లారిపోయింది. ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

బాపుకు మాత్రం టెన్షన్ తగ్గలేదు. ఆ రాత్రి క్యాలెండరు, పత్రికలు పొయ్యిలో పెట్టాడు. కార్డు ఒక్కటి అమ్మ బియ్యం డబ్బాలో దాచింది. నాతో ఒకటే మాటన్నాడు: "మాస్కో దాక పో, పీకింగు జోలికి పోకు."

* * *

1980 ఫిబ్రవరి 16 నాటి సూర్యగ్రహణం మన వైపు వాళ్ళందరికీ గుర్తుంటుంది. దక్షిణాన సంపూర్ణం, వరంగల్‌లో దాదాపు సంపూర్ణం. ఊరంతా తలుపులు మూసుకుంది. గర్భిణులను కదలనివ్వలేదు, నీళ్ళలో, పచ్చళ్ళలో గరిక వేశారు, కోళ్ళను గంపల కింద మూశారు. అందరూ సూర్యుణ్ణి చూడాలా వద్దా అన్న గొడవలో ఉంటే, నాకు ఒకటే ఆలోచన. ఎండ పోతే ఆ మింగే పొర కూడా పోవాలి కదా?

కిటికీ సందులోంచి వెలుతురు తగ్గుతుంటే, మధ్యగదిలో దుప్పటి కప్పుకొని సెట్టు పెట్టాను. మూడు గంటలకు హైదరాబాద్ తప్ప చెప్పుకోదగ్గది లేదు. మూడున్నర దాటాక డయల్ కదిలింది. ఖాళీగా ఉండే చోట్ల గుసగుసలు, వాటి మీద ఈలలు. నాలుగు కావస్తుండగా మద్రాసు పైకి లేచింది, దాని వెనక తూర్పు నుంచి ఏదో పాట. పట్టపగలు! బయట కాకులు గూళ్ళకు పోతూ అరుస్తున్నాయి. తాత పక్కకొచ్చి కూర్చుని, ఏమీ అడక్కుండా విన్నాడు. ఆయనకు గ్రహణం అంటే భయం లేదుగానీ దుప్పటి కింద పాట వినడం కొత్త. కాసేపటికి వెలుతురు తిరిగొచ్చింది. వచ్చినవన్నీ ఒక్కొక్కటే వెళ్ళిపోయి మళ్ళీ హైదరాబాద్ ఒక్కటే మిగిలింది. అమ్మ ఇల్లు కడగడం మొదలుపెట్టింది.

ఉస్తాద్ కూడా షాపు షట్టర్ దించుకొని లోపల అదే పని చేశాడని మర్నాడు తెలిసింది.

* * *

టీచర్ ఉద్యోగం వచ్చి ఏటూరునాగారం అవతల ఒక ఊళ్ళో వేశారు. ఏజెన్సీ పోస్టింగ్ అనగానే ఇంట్లో అందరూ దిగులుపడ్డారు. బస్సు దిగి చాలా దూరం నడవాలి, వాగు దాటాలి, వానాకాలం అదీ లేదు. ఊళ్ళో కరెంటు లేదు.

కరెంటు లేకపోవడం అంటే ఏమిటో మొదటి రాత్రి సెట్టు పెడితే తెలిసింది. హన్మకొండలో డయల్ వెనక ఎప్పుడూ ఒక గుర్రు ఉండేది. ట్రాన్స్‌ఫార్మర్‌దో, ట్యూబ్‌లైట్‌దో, రైస్‌మిల్లు మోటారుదో. పుట్టినప్పటి నుంచి వింటున్నాను కాబట్టి అది రేడియోలోనే ఉంటుందనుకునేవాణ్ణి. ఇక్కడ అది లేదు. రెండు స్టేషన్ల మధ్య ముల్లు ఆపితే ఏమీ లేదు. ఆ ఏమీ లేనితనంలోంచి గొంతులు లేచేవి. హన్మకొండలో 23222 రాసినవాటికి ఇక్కడ 44444 రాయొచ్చు. ఇప్పచెట్టు మీదికి ఒక పిల్లవాణ్ణి ఎక్కించి తీగ కట్టించాను. కింద ఇనుప చువ్వ దిగ్గొట్టి, ఎండాకాలం దాని మొదట్లో చెంబెడు నీళ్ళు పోసేవాణ్ణి, ఎర్తు బాగా తగలడానికి. పిల్లలు అది చూసి సారు చువ్వకు నీళ్ళు పోస్తున్నాడు, మొలుస్తదా అని నవ్వుకునేవాళ్ళు.

రాత్రి బడి అరుగు మీద పది మంది చేరేవాళ్ళు. భాష ఏదైనా వాళ్ళకు పట్టింపు లేదు. ఒక పెద్దమనిషి, చుట్ట తాగుతూ అరబ్బీ స్టేషన్ చాలాసేపు విని, "గా ఊళ్ళె వానలు పడ్డయో లేదో అడుగు సారూ" అన్నాడు. మనం అడిగితే వాళ్ళకు వినబడదని చెప్పాను. "మనకు ఇనబడుతుంటే ఆళ్ళకెందుకు ఇనబడది?" అన్నాడు. దానికి నా దగ్గర ఉన్న జవాబు ఆయనకు నచ్చలేదు.

వాన సంగతికే వస్తే, నాకు ఆ ఊళ్ళో పేరు తెచ్చింది పాఠాలు కాదు, మిరపకాయలు. గోదావరి ఒడ్డు ఊళ్ళల్లో మిర్చి ఎక్కువ. మాఘం, ఫాల్గుణాల్లో కళ్ళాల నిండా ఎర్రగా ఆరబోస్తారు. అప్పుడు అకాల వాన పడితే ఏడాది కష్టం నల్లబడిపోతుంది. పగటిపూట దూరపు మెరుపుల చప్పుడు కూడా ఆ పొరే మింగేస్తుంది. కాబట్టి పట్టపగలు, స్టేషన్ లేని చోట ముల్లు పెడితే పటపట వినబడిందంటే, ఆ మెరుపు ఎక్కడో దగ్గర్లోనే ఉన్నట్టు. సెట్టును తిప్పితే అది ఏ వైపో కూడా కొంత తెలుస్తుంది. ఒక మధ్యాహ్నం ఆకాశం తెల్లగా ఉండగా, పడమర వైపు బాగా పటపటలాడుతోందని కాయలు కుప్ప చేసి కప్పమన్నాను. కొందరు విన్నారు, కొందరు నవ్వారు. పొద్దుగూకేసరికి వాన దంచింది. ఆ మర్నాటి నుంచి ఇంటర్వెల్ టైముకు బడి గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు రైతులు తువ్వాళ్ళు భుజాన వేసుకొని నిలబడేవాళ్ళు, "సారూ, డబ్బా ఏమంటాంది?" అని.

1986 ఆగస్టు గోదావరి వరదలో, భద్రాచలం దగ్గర నీళ్ళు 75.6 అడుగులకు పోయినప్పుడు, ఆ డబ్బా చుట్టూ ఊరు ఊరంతా మిట్ట మీద కూర్చుంది. ప్రాంతీయ వార్తల్లో అడుగులు చెప్పినప్పుడల్లా ఒకాయన చెట్టు బెరడు మీద కత్తితో గీత పెట్టేవాడు. సెల్లు అయిపోవస్తే అందరి టార్చిలైట్ల నుంచి తీసి నాకిచ్చారు. నీరసించిన సెల్లను ఎండలో పెట్టి మళ్ళీ వాడేవాళ్ళం గానీ ఆ వారం ఎండే లేదు.

1988లో నాగపూర్ నుంచి జాతీయ ప్రసారం మొదలైంది, 1566 మీద, పది లక్షల వాట్లు. రాత్రంతా ఉండేది. దాని కోసం చెవులు రిక్కించాల్సిన పని లేదు, అడవి అంతా వినబడేది. నిజం చెప్పాలంటే అది నాకు అంతగా నచ్చలేదు. అంత తేలిగ్గా దొరికేదాన్ని పట్టుకోవడంలో ఏముంది? ఊరి వాళ్ళకు మాత్రం అదే ఇష్టం.

ఆ ఊరికి కరెంటు కావాలని పెట్టిన దరఖాస్తు నా చేతి రాతే. ఊరి పెద్దల వేలిముద్రలు వరసగా నేనే వేయించాను. నేను బదిలీ కావడానికి కొద్ది నెలల ముందు స్తంభాలు వచ్చాయి, తీగలు లాగారు, ఒక సాయంత్రం బుగ్గలు వెలిగాయి. ఆడవాళ్ళు స్తంభానికి పసుపు కుంకుమ పెట్టారు. మేకను కోశారు. నాకు కూడా సంతోషమే, పిల్లలు గుడ్డి దీపం దగ్గర కళ్ళు పాడుచేసుకోవడం చూశాను కదా. భోజనాలయ్యాక అలవాటుగా సెట్టు పెట్టాను. ఢాకా వెనక సన్నగా గుర్రు మొదలైంది.

* * *

తర్వాతి కథ తొందరగా చెప్పేయొచ్చు. హన్మకొండకు తిరిగొచ్చేసరికి ఇంటింటా టీవీలు. వరంగల్‌కు ఎఫ్ఎం స్టేషన్ వచ్చింది, 103.5. స్వచ్ఛంగా ఉంటుంది, పాటలు బాగుంటాయి, ఊరు దాటితే ఉండదు. కాజీపేట లైన్ల మీద కరెంటు ఇంజన్లు వచ్చాక ఆ పక్క మీడియం వేవ్ పెట్టే పనే లేకపోయింది. ఉస్తాద్ కొన్నాళ్ళు టేప్‌రికార్డర్లు, కొన్నాళ్ళు టీవీ రిమోట్లు బాగుచేశాడు. కళ్ళు మసకబారాక షాపు అల్లుడికి ఇచ్చాడు, అల్లుడు అమ్మేశాడు. ఆయన పోయిన రోజు నేను జనగామలో ట్రైనింగ్‌లో ఉన్నాను.

స్టేషన్లూ ఒక్కొక్కటే పోయాయి. మసీరా దీవి మాస్టులు ముందే పోయాయి. నాగపూర్ జాతీయ ప్రసారం 2019 జనవరిలో ఆగింది. బీబీసీ హిందీ రేడియో 2020 జనవరితో సరి. వాటికి దుఃఖపడేవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకూ ఉంది. కానీ నా లెక్కలో స్టేషన్ల కంటే ముందు పోయింది డయల్ మధ్యలోని ఆ ఖాళీ. ఉన్న స్టేషన్లు కూడా ఇప్పుడు మా ఇంట్లో వినబడవు. ఎల్ఈడీ బుగ్గ, ఇన్వర్టరు, ఫోన్ చార్జరు, సెట్‌టాప్ బాక్సు, అపార్ట్‌మెంట్ లిఫ్టు, ప్రతిదీ మీడియం వేవ్ మీద బుసకొడుతుంది. మా వాడు ల్యాప్‌టాప్‌లో నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం వాళ్ళ రిసీవర్ తెరిచి, "ఇదిగో నాన్నా, ఇక్కణ్ణుంచే తిప్పుకోవచ్చు" అని చూపించాడు. మంచి యంత్రమే, నోరెత్తడానికి లేదు. కానీ వాళ్ళ ఊళ్ళో పొద్దుగూకితే నాకెందుకు? నాకు భద్రకాళి చెరువు మీద పొద్దుగూకాలి.

ఇప్పచెట్టు ఎక్కి తీగ కట్టిన పిల్లవాడు ఇప్పుడు అదే మండలంలో లైన్‌మన్. వాడికీ జుట్టు నెరిసింది. ఏడాదికి నాలుగైదుసార్లు ఫోన్ చేస్తాడు, క్షేమ సమాచారాలు రెండు మాటల్లో అయిపోతాయి.

"సారూ, ఆదివారం పొద్దుగాల ఆరింటికి ఫీడర్ మీద ఎల్‌సీ తీసుకుంటున్నం. పది దాక లైను బంద్. మూడు ఊళ్ళల్ల ఒక్క బుగ్గ వెలగది. శనివారం సాయంత్రం బస్సుకే రాండ్రి."

ఆరింటికి అంటే పడమటి స్టేషన్లకు ఇంకో అరగంటే మిగులుతుందని, చలికాలం ఆరున్నర దాటితే పొద్దు పొడుస్తుందని, అయిదింటికే తీయొచ్చు కదా అని అడిగాను.

"ఏఈ సారును అడుగుత" అన్నాడు. "కారణమేం చెప్పాలె?"